తాడు పట్టిన బయన్న

అనగనగా కొండల నడుమ ఒక చెంచు గూడెం. ఆ గూడెంలో బయన్న అని ఒకడు. వాడి బావ అంకన్న నడుముకు తాడు కట్టుకుని, కొండ అంచు నుంచి దిగి తేనె తీసేవాడు. పైన ఆ తాడు ఎవరు పట్టాలో తెలుసా బంగారూ? పెళ్ళాం తమ్ముడే పట్టాలి. అక్క పసుపుకుంకుమల మీద వాడికున్నంత బెంగ ఇంకెవరికుంటుంది?

ఒకసారి అటుగా పోతున్న సాధువొకడు చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ ముఖంలో నెమ్మది చూసి, అది తనకూ కావాలని బయన్నకు ఆశపుట్టింది. పాపం, పొద్దస్తమానం అలిసిపోయే ప్రాణం కదా.

తానూ అలాగే వాగు ఒడ్డున కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మేక వచ్చి పంచె కొస నమిలింది.

ఆ తర్వాత గుడిసె వెనక కూర్చున్నాడు. "కండ్లు మూసుకుంటే కట్టెలు చీలతాయా?" అని అక్క లేపింది.

మూడోసారి కొండ మీద, చేతిలో తాడు ఉండగానే కళ్ళు మూశాడు. ఇక్కడైతే ఎవరూ పిలవరనుకున్నాడు, వెర్రినాగన్న.

కింద వేలాడుతున్న అంకన్న దగ్గర తేనెటీగలను తోలే పొగ ఆరిపోయింది. ఈగలు ముసిరాయి. పైకి లాగమని అంకన్న తాడు గుంజాడు. బయన్నకు తెలియలేదు. మళ్ళీ గుంజాడు. మూడో గుంజుకు తాడు వాడి అరచేతుల్లోంచి జర్రున జారింది. అప్పుడు ఉలిక్కిపడి, మడమలు రాతికి తన్నిపట్టి, బావను పైకి లాగాడు.

అంకన్న ముఖమంతా వాచిపోయింది. "యాడికి పోయినావురా?" అని ఒక్కటే అడిగాడు.

బయన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనింక తాడు పట్టను బావా."

"నువ్వు పట్టకపోతే ఇంకెవరు పడతారు?" అన్నాడు అంకన్న.

వాపు తగ్గాక మళ్ళీ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస వాడి చేతిలో పెట్టాడు. అంత జరిగాక కూడా పెట్టాడమ్మా, అదీ మనిషంటే.

బయన్న పట్టుకున్నాడు. బావ అడుగు వేస్తే వాడి చేతికి తెలిసింది. బావ ఆగితే తెలిసింది. మెల్లగా వాడికి మేక గుర్తులేదు, సాధువు గుర్తులేదు, తానూ గుర్తులేడు. తాడు గుంజగానే చేతులు వాటంతటవే లాగాయి.

అంకన్న తేనెపట్టుతో పైకొచ్చి పక్కన కూలబడ్డాడు. "ఇయ్యాల తాడు వణకలేదురా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది బయన్నకు, ఈరోజు నెమ్మదిని వెతకడమే మరిచిపోయానని.

తేనె కుండకి, కథ కంచికి, నిద్ర నీ కంటికి.