కాఫీ సుంకం కట్టిందెవరు?

సీలేటిపురం రాజావారికి పట్టరాని కోపం వచ్చింది.

పొరుగున ఉన్న వనగిరి రాజు కూతురి పెళ్ళికి ఆయన కొత్త తలపాగా చుట్టుకుని వెళ్ళారు. వనగిరి రాజు దాన్ని ఎగాదిగా చూసి, పదిమంది ముందూ, “తలపాగా భేషుగ్గా ఉంది. లోపల ఎవరున్నారు?” అన్నాడట.

తిరిగొచ్చిన మర్నాడే రాజావారు కొలువు తీర్చారు.

“ఆ మనిషి జేబుకు చిల్లు పడాలి. ఎలాగో చెప్పండి!”

దివాను అక్కిరాజు పంతులు మీసం సవరించుకుంటూ లేచాడు. సంస్థానంలో ఉన్న తెలివంతా తన ఒక్కడి దగ్గరే ఉందని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా పొగిడితే కళ్ళు మూసుకుని హాయిగా వింటాడు. పొగడ్త ఆగితే తప్ప కళ్ళు తెరవడు.

“మహాప్రభూ, మనవాళ్ళు తాగే కాఫీ గింజలన్నీ వనగిరి కొండల్లోవే. కనుమ దగ్గర బస్తా బస్తాకీ సుంకం వేద్దాం. కట్టలేక ఆ రాజు కుదేలైపోతాడు. మన జనం మీద దమ్మిడీ భారం పడదు.”

“శభాష్!” అన్నారు రాజావారు. కోటలోకి వచ్చే గింజలకు మాత్రం సుంకం లేదు. కాబట్టి ఆయన కాఫీ ఎప్పటిలాగే ఘుమఘుమలాడుతూ వస్తోంది.

ఊళ్ళో సంగతి వేరు.

బజారులో అచ్చమ్మగారి కాఫీ హోటలు ఉంది. బళ్ళు తోలేవాళ్ళు, నేతగాళ్ళు, కచేరీ గుమాస్తాలు అందరికీ తెల్లవారేది అక్కడే. కాణీకి వచ్చే కాఫీ అర్ధణా అయింది. ఆపైన గ్లాసు చిన్నదైంది. ఆ తరువాత కాఫీ రుచే మారిపోయింది. ఇద్దరు నేతగాళ్ళు ఒక గ్లాసు తెప్పించుకుని, నీదెక్కువ నాదెక్కువ అని పోట్లాడుకునే రోజులొచ్చాయి.

రాజావారి కొలువులో హాస్యగాడు పేరిభొట్లు ఒకరోజు పొద్దున్నే అక్కడ కూర్చుని ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

“అచ్చమ్మగారూ, ఇదేం కాఫీ తల్లీ?”

“సగమే కాఫీ నాయనా. మిగతా సగం వేయించిన చింతగింజల పొడి,” అందామె ఏమీ దాచకుండా. “గింజలమ్మే షావుకారు కనుమ దగ్గర సుంకం కట్టి, అదంతా నా నెత్తిన రుద్దుతున్నాడు. నేను మీ నెత్తిన ఎంతకని రుద్దను? రోజూ వచ్చే ముసలి బండి వెంకడు నిన్న వాసన చూసి, డబ్బుల్లేవని వెళ్ళిపోయాడు. నాకు అన్నం సయించలేదనుకో.”

పేరిభొట్లు తిన్నగా కోటకు వెళ్ళాడు. రాజావారు వెండి గ్లాసులో కాఫీ తాగుతున్నారు.

“ప్రభూ, ఆ సుంకం కడుతున్నది వనగిరి రాజు కాదు. మన బండి వెంకడు.”

దివాను ఫక్కున నవ్వాడు. “నవ్వించి బతికేవాడికి రాజ్య వ్యవహారాలెందుకు ప్రభూ? సుంకం ముమ్మాటికీ వనగిరి రాజే కడుతున్నాడు. కాదని రుజువు చెయ్యమనండి. చెయ్యలేకపోతే కొలువు వదిలి పొమ్మనండి.”

రాజావారికి ఇది సరదాగా తోచింది.

“సరే పేరిభొట్లూ! రేపు కొలువులో దివానుగారి నోటితోనే ఒప్పించు. లేదా మూటాముల్లే సర్దుకో.”

నవ్వించడం తప్ప పేరిభొట్లుకు మరో పని రాదు. ఇంటికెళ్ళి సంగతి చెబితే భార్య సుబ్బలక్ష్మి, “ఆయన చేత ఒప్పించడమా? పొగిడితే తప్ప ఆయన మన మాటే వినడు కదండీ!” అంది దిగులుగా.

ఆ మాటకి పేరిభొట్లు పకపకా నవ్వాడు.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. పేరిభొట్లు వస్తూనే దివానుకు వంగి దణ్ణం పెట్టాడు.

“ప్రభూ, తప్పు నాదే. పొరుగు రాజు చేత మనకు సుంకం కట్టించిన దివాను భూప్రపంచంలో మరొకడు లేడు. ఇంత బుద్ధిశాలికి ఈ జీతం ఏ మూలకు? రెట్టింపు చెయ్యండి!”

దివాను కళ్ళు మూసుకున్నాడు.

“మూడింతలు చేసినా తక్కువే ప్రభూ!”

దివాను మీసాలు వాటంతటవే పైకి లేచాయి.

“అయితే ఓడిపోయావన్నమాట,” అన్నారు రాజావారు, కాస్త చిన్నబుచ్చుకుని. “సరే, మూడింతలు ఇస్తున్నాం. ఏం దివానుగారూ, సమ్మతమేనా?”

“ప్రభువుల దయ!”

“ఒక్క చిన్న విన్నపం,” అన్నాడు పేరిభొట్లు. “ఈ జీతం మన ఖజానా నుంచి ఇస్తే దివానుగారి ఘనతకే తక్కువ. సుంకం కట్టేవాడే ఆయన జీతమూ కట్టాలి. నెలనెలా దివానుగారు వనగిరికి వెళ్ళి, ఆ రాజు చేతి మీదుగానే పుచ్చుకుంటారు. మన ఖజానా నుంచి ఇక కాణీ అక్కర్లేదు.”

“బాగుంది! అలాగే కానివ్వండి!” అన్నారు రాజావారు.

దివాను కళ్ళు టక్కున తెరుచుకున్నాయి.

“అయ్యో ప్రభూ! వనగిరి రాజు నాకెందుకిస్తాడు?”

“సుంకం ఇస్తున్నవాడు జీతం ఇవ్వడా?” అన్నాడు పేరిభొట్లు అమాయకంగా.

“ఆయనెక్కడిస్తున్నాడయ్యా! ఆయన దగ్గర్నుంచి చిల్లిగవ్వ రాలేదు! కట్టేదంతా మన కాఫీ తాగేవాళ్ళే!”

దివాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కానీ, మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

పేరిభొట్లు రాజావారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

“ప్రభూ, దివానుగారి నోటితోనే విన్నారు.”

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన్ని చూసి కొలువంతా గొల్లుమంది. చివరికి దివాను కూడా చేసేది లేక ఇకిలించాడు.

సుంకం ఆ క్షణమే రద్దయింది. రాజావారు తన చేతికున్న బంగారు కడియం తీసి పేరిభొట్లుకు తొడిగారు. ఆ వారమంతా బజారులో అందరికీ చిక్కటి కాఫీ ఉచితమనీ, ఖర్చు దివానుగారిదనీ టముకు వేయించారు.