పీర్ల పెట్టె తాళంచెవి

ఇది చిన్న కథ. వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటే నానేలోపు అయిపోతుంది. ఇనాయత్ అనే శిష్యుడు, లాల్‌సాబ్ అనే గురువు, మధ్యలో ఒక పెట్టె. అంతే.

అయితే ముందు మా బోడికొండపల్లె సెంటర్లో టీ కొట్టు నడిపే నరసింహులు సంగతి చెప్పాలి. నరసింహులు ముప్పై ఏళ్ళుగా ఫుల్ టీ అని చెప్పి ముప్పాతిక గ్లాసు పోస్తున్నాడు. మిగతాది ఏదంటే నురగ అంటాడు. నురగ లేని రోజు కూడా అదే అంటాడు. మా ఊరి మీటింగులన్నీ ఆ కొట్టు ముందే జరుగుతాయి. కరెంటు స్తంభం అక్కడుంది, మైకుకు తీగ తగిలించుకోవడం సులువు. లైన్‌మన్ కదిరప్ప ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తలెత్తి ఆ స్తంభం వైపు చూడలేదు. రిటైరయ్యాక మాత్రం రోజూ తలెత్తి ఆకాశం చూసి, వాన వస్తుందంటాడు.

ఎక్కడున్నాం? మైకు దగ్గర.

ఆ మైకులో హెచ్. వరప్రసాద్ మాట్లాడాడు. ఈయన మా ఊరివాడే కానీ పట్నంలో ఉంటాడు. జిల్లాస్థాయి నాయకుడు. ఆ సంగతి జిల్లాకు ఇంకా తెలియలేదు. ఆ రోజు తాగునీళ్ళ గురించి మాట్లాడాల్సింది. నీళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేక, పీర్లచావిడి వైపు చెయ్యి చూపించాడు.

"ఆ సాయిబుల చావిట్లో ఒక పెద్ద పెట్టె ఉంది. ఏడాది పొడుగునా తాళం. ఎవరికీ చూపించరు. ఏముంది అందులో? కత్తులున్నాయి! నా దగ్గర సమాచారం ఉంది."

సమాచారం ఎవరిచ్చారని ఒక విలేకరి అడిగాడు. "ప్రజలు" అన్నాడు వరప్రసాద్. ప్రజలంటే మేమే. మేం చెప్పలేదు.

రెండోరోజు ఎస్సై వచ్చి చావిడి తలుపుకు కాగితం అంటించాడు. పెట్టె తెరిచి తనిఖీ చేసేదాకా ఈ ఏడు పీర్ల పండగకు అనుమతి లేదు. ఊళ్ళో సాయిబుల ఇళ్ళు పదకొండే. గుండం తవ్వేది, డప్పు కొట్టేది, పీరు ఎత్తుకునేది అంతా మిగతా ఊరే. అయినా కాగితం చూశాక, కొందరు ఆ పదకొండు ఇళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు కాస్త వేగంగా నడవడం మొదలుపెట్టారు. ఎవరెవరో నాకు తెలుసు, చెప్పను. సర్పంచి కూడా ఉన్నాడు.

లాల్‌సాబ్‌కు ఉన్న పనులు రెండు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాడు, చావిడి చూసుకుంటాడు. మూడోది, ఎక్కువ మాట్లాడకుండా ఉండటం. ఆ మూడో పని కోసమే ఆయన దగ్గరకు మనుషులు వస్తారు. మాట్లాడని మనిషి దగ్గర జ్ఞానం ఉంటుందని మా నమ్మకం. ఆ వారం ఆయన పక్క ఊరికి కళాయి వేయడానికి పోతే, నలభై ఏళ్ళుగా ఆయన చేతనే గిన్నెలు మెరిపించుకున్న ఇల్లాలు వాటిని లోపల పెట్టుకుని తలుపేసుకుంది. ఆయన కొలిమి సర్దుకుని తిరిగి వచ్చేశాడు.

ఈ సంగతి విని ఇనాయత్ కుతకుత ఉడికిపోయాడు. ఇనాయత్‌ది మండలకేంద్రంలో జిరాక్స్ షాపు. నాలుగేళ్ళుగా ప్రతి గురువారం వచ్చి లాల్‌సాబ్ పక్కన కూర్చుంటాడు. కూర్చోవడం వరకు బాగానే నేర్చుకున్నాడు. అర్జీలు రాయడంలో తనంత వాడు లేడని ఇనాయత్‌కు గట్టి నమ్మకం. అది నిజమే, ఆ మండలంలో ఇంకెవరూ రాయరు.

"బాబా, రేపు సాయంత్రం సెంటర్లో మన మీటింగు" అన్నాడు వస్తూనే. "మైకు సెట్టు మాట్లాడినాను. ఆయన తెచ్చినదానికంటే పెద్దది. నాలుగు బాక్సులు. పదకొండు కాగితాల జవాబు రాసినా. వినండి."

లాల్‌సాబ్ కొలిమి తిత్తి ఆడిస్తూ విన్నాడు. మూడో కాగితం దగ్గర వేడి గిన్నెలో నవాసాగరం పొడి చల్లి దూదితో తిప్పాడు. తెల్లటి పొగ లేచింది. ఇనాయత్ దగ్గుతూనే చదివాడు. పదకొండూ అయిపోయాయి.

"బాగా రాసినావు" అన్నాడు లాల్‌సాబ్. "మైకు తిరిగిచ్చెయ్."

"మైకు లేకుండా ఎట్లా బాబా?"

"మనకెందుకు నాయనా మైకు? ఆయన దగ్గరుంది కదా."

ఇనాయత్‌కు ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్ళ పొగకు ముసలాయన బుర్ర మందగించిందనుకున్నాడు.

"పోనీ, పెట్టె ఇప్పుడే తెరవండి. లోపల ఏముందో ఫోటోలు తీసి ఊరూరా అంటిస్తా."

"పండగకు నెలవంక పొడిచిన రోజే తెరవాల."

"ఈ ఒక్కసారికి బాబా..."

"తాళంచెవి నా దగ్గర లేదు. నమ్మకమైన ఇంట్లో ఉంది."

ఏ ఇంట్లో అని అడగాలని ఇనాయత్‌కు తోచలేదు. సాయిబుల ఇళ్ళు పదకొండే కదా, వాటిలో ఏదో ఒకటి అనుకున్నాడు. మైకు తిరిగిచ్చేశాడు. పదకొండు కాగితాలు మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తాళంచెవి ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. ఎస్సైకి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు. మా ఊళ్ళో అడగని మాటలు బోలెడు చెబుతాం కానీ, వాటిలో పనికొచ్చేది ఉండకుండా చూసుకుంటాం.

నెల పొడిచే రోజు తానే స్వయంగా వచ్చి, పత్రికలవాళ్ళ ముందు పెట్టె తెరిపిస్తానని వరప్రసాద్ ప్రకటించాడు. అన్నట్టే పొద్దు వాలేసరికి మూడు కార్లలో వచ్చాడు. ఎస్సై వచ్చాడు. విలేకరులు నలుగురు వచ్చారు. అందులో ఒకాయన ఛానెల్ ఇంకా మొదలుకాలేదు. కదిరప్ప ఆకాశం చూసి వాన వస్తుందన్నాడు. ఆయన చూస్తున్న వైపే సన్నగా నెల కనబడింది.

చావిడి అరుగు మీద పెట్టె పెట్టారు. పక్కన లాల్‌సాబ్ కూర్చున్నాడు. ఆయన వెనక ఇనాయత్ జేబు తడుముకుంటూ నిలబడ్డాడు. ఈ సాయంత్రం ఏదైనా తేడా జరిగితే పండగ ఉండదు. పండగే కాదు, ఆ పదకొండు ఇళ్ళవాళ్ళు ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగడం కూడా ఉండదు.

"తెరవండి" అన్నాడు వరప్రసాద్.

లాల్‌సాబ్ లేచి నమస్కారం పెట్టాడు. "తాళంచెవి తెచ్చినారా సామీ?"

"నేను తెచ్చేదేంది?"

"మీ ఇంట్లోనే కదా సామీ ఉండేది."

వరప్రసాద్ నవ్వాడు. వెనకున్న కార్యకర్తలు నవ్వారు, అది వాళ్ళ పని. ఊరివాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. అది చూసి ఆయన నవ్వు ఆపేశాడు. ఇనాయత్ నోరు తెరుచుకుని గురువును చూశాడు.

సంగతేమంటే, వరప్రసాద్ నాన్నమ్మ కాలంలో సాయిబుల్లోనే రెండిళ్ళవాళ్ళు తాళంచెవి మా దగ్గరుండాలంటే మా దగ్గరుండాలని తలలు పగలగొట్టుకున్నారు. ఇద్దరికీ సంబంధం లేని ఇంట్లో పెట్టమన్నారు పెద్దలు. అట్లా ఆమె చేతికొచ్చింది. ఆమె నుంచి కోడలికి, అంటే ఊళ్ళోనే ఉండే వరప్రసాద్ అమ్మ సుంకులమ్మకొచ్చింది. అది ఆ ఇంటి ఆడవాళ్ళ పని. మగవాళ్ళకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. వరప్రసాద్ ఐదో ఏట హాస్టలుకు పోయాడు. అప్పటినుంచి ఓట్లప్పుడే వస్తున్నాడు.

"అమ్మగారికి ఫోన్ చేయండి సార్. స్పీకర్ పెట్టండి" అన్నాడు ఛానెల్ లేని విలేకరి.

కెమెరాలు చూస్తున్నాయి. చేయక తప్పలేదు.

"అమ్మా, పీర్ల పెట్టె తాళంచెవి మనింట్లో ఏమన్నా ఉందా?"

"ఉప్పుజాడీ ఎనక ఉంది. ఎందుకురా హుస్సేనా?"

హెచ్ అంటే ఏమిటని ఇన్నేళ్ళుగా ఆయన్ను ఎవరూ అడగలేదు. వరప్రసాదంటే ఎవరిచ్చిన వరమని కూడా అడగలేదు. ఎస్సై కదిరప్పతో పాటు ఆకాశం చూడటం మొదలుపెట్టాడు.

"పెట్టె తెరవాలమ్మా."

"నెల పొడిచిందా?"

"పొడిచింది."

"లాలన్న ఉన్నాడా ఆడ?"

"ఉన్నాడు."

"అయితే నేనే తెస్తా. నీ చేతికియ్యను. పది దినాల నుంచి చూస్తాండా, కొడుకు నన్నొక మాట అడుగుతాడేమోనని. ఇంట్లో అమ్మనడక్కుండా పోయి మైకునడిగినావు కదరా!"

ఫోన్ పెట్టేసింది.

డెబ్భై ఆరేళ్ళ సుంకులమ్మ నడిచి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. కొడుకు కారు పంపినా ఎక్కలేదట. వచ్చి, చెప్పులు విడిచి, అరుగెక్కి, చీరకొంగుతో పెట్టె మీద దుమ్ము తుడిచి, తాళం తీసింది.

ఏడు ఇత్తడి పీర్లు, ఆకుపచ్చ పట్టుగుడ్డల్లో చుట్టినవి. నెమలీకల కట్ట ఒకటి. సాంబ్రాణి వేసే మట్టిచిప్ప ఒకటి. పీర్లు తోమడానికి తెచ్చి మరిచిపోయిన చింతపండు, పోయినేటిది, రాయిలా ఉంది. అడుగున చిన్న గుడ్డమూటలో బొటనవేలంత వెండి ఊయల.

ఎస్సై అన్నీ రాసుకున్నాడు. "ఈ ఊయలేంటమ్మా?"

"అదా? అది వీడే" అంది సుంకులమ్మ కొడుకును చూపించి. "పెండ్లయి ఎనిమిదేండ్లు కడుపు పండక, ఈ చావిట్లో మొక్కుకుంటే పుట్టినాడు."

ఎస్సై కాసేపు పెన్ను ఎత్తి పట్టుకుని, చివరకు 'ఊయల, ఒకటి' అని రాశాడు. తరవాత పోయి, తలుపుకు తాను అంటించిన కాగితం తానే గీకి తీశాడు. గట్టిగా అంటించినట్టున్నాడు, చాలాసేపు పట్టింది. ఆ గీకుడు అయ్యీ కాకముందే డప్పు మోగింది. జనం అరిచిన అరుపుకు నరసింహులు కొట్టులో గ్లాసులు గలగలలాడాయి. అవి ఖాళీవి కాబట్టి ఏమీ ఒలకలేదు.

ఇదే సమయమనుకున్నాడు ఇనాయత్. జేబులో చెయ్యి పెట్టాడు. లాల్‌సాబ్ ఒక్కసారి అటు చూశాడు. ఇనాయత్ చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

డప్పు కాస్త తగ్గాక, సుంకులమ్మ తాళంచెవి పెట్టె మూత మీద పెట్టింది.

"లాలన్నా, ఇంక ఇది మా ఇంట్లో వద్దు. ఆ ఇంటి మనిషే కత్తులన్నాడు. మళ్ళీ తీసుకోడానికి నాకు మొగం లేదు."

డప్పు పూర్తిగా ఆగిపోయింది. వరప్రసాద్ తలెత్తలేదు.

లాల్‌సాబ్ తాళంచెవి తీసుకుని పైగుడ్డతో తుడిచాడు. ఇక అది తనకే వస్తుందని ఇనాయత్ అనుకున్నాడు. చెయ్యి కొంచెం ముందుకు కూడా చాపాడు. నేను చూశాను. లాల్‌సాబ్ ఆ చేతిని దాటుకుని పోయి, వరప్రసాద్ అరచేతిలో తాళంచెవి పెట్టి, ఒక్కొక్క వేలే మూశాడు.

"ఇది మీ ఇంటిదే సామీ. ఇంతవరకు అమ్మ చూసుకునింది. ఇంకమీద పెట్టెలో ఏముందని ఎవరడిగినా మీరే చెప్పాల."

"బాబా! ఆయనకా?" అన్నాడు ఇనాయత్.

"డప్పులోళ్ళకు నీళ్ళియ్యిపో నాయనా" అన్నాడు లాల్‌సాబ్.

పండగ జరిగింది. ఆ ఏడు గుండం చుట్టూ తొక్కిన అడుగులకు లేచిన దుమ్ము రెండు రోజులు దిగలేదు. వేగంగా నడిచినవాళ్ళంతా ముందు వరసలో ఆడారు. సర్పంచి కూడా. ఇనాయత్ మాత్రం అలిగి మూడు గురువారాలు రాలేదు. నాలుగో గురువారం వచ్చి, ఏమీ అడక్కుండా కూర్చున్నాడు.

రెండేళ్ళకు ఎన్నికలొచ్చాయి. వరప్రసాద్ పోటీలో నిలబడ్డాడు. ఎదుటి పార్టీ ఆయన నరసింహులు కొట్టు ముందు, అదే స్తంభం కింద, మైకు పట్టుకుని అన్నాడు. "కత్తుల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసా? వరప్రసాద్ దగ్గర! నా దగ్గర సమాచారం ఉంది!"

మర్నాడు సాయంత్రం అక్కడే వరప్రసాద్ మీటింగు. మైకు సెట్టు పెద్దది, నాలుగు బాక్సులు. ఇనాయత్ మోత వినే దాన్ని గుర్తుపట్టాడు. అప్పుడాయన లాల్‌సాబ్ కొలిమి పక్కన కూర్చుని ఉన్నాడు.

వరప్రసాద్ జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తాడు.

"ఏడు పీర్లు. ఇత్తడివి. ఒక నెమలీకల కట్ట. ఒక సాంబ్రాణి చిప్ప. కొంచెం చింతపండు. ఒక వెండి ఊయల." ఊయల దగ్గర కాస్త ఆగాడు. "ప్రతి ఏడూ నా చేత్తో తెరుస్తాండా. కత్తులున్నాయన్నవాడు అబద్ధం చెప్పినాడు. ఇప్పుడన్నవాడే కాదు, మొదట అన్నవాడు కూడా అబద్ధమే చెప్పినాడు."

జనం కొట్టిన చప్పట్లకు కదిరప్ప ఉరుమనుకుని, చూశారా అన్నాడు. ఆ మాటలు నాలుగు బాక్సుల్లోంచి మూడు ఊళ్ళకు వినబడ్డాయి. తలుపేసుకున్న ఇల్లాలి ఊరు వాటిలో ఒకటి. మళ్ళీ గురువారంలోపు ఆమె తొమ్మిది గిన్నెలు పంపింది.

మీటింగు అయ్యేసరికి కొలిమి ఆరిపోతోంది. ఇనాయత్ సంచి అడుగునుంచి పదకొండు కాగితాలు తీసి, నలిపి, ఒక్కొక్కటే నిప్పు మీద వేశాడు. లాల్‌సాబ్ తిత్తి ఆడించాడు.

వరప్రసాద్ ఆ ఎన్నికలో ఓడిపోయాడు. గెలిచినాయన మరుసటేడు నెల పొడిచిన రోజు పూలదండతో చావిడికి వచ్చి, తాళంచెవి ఇకమీద తన దగ్గర ఉంచమని అడిగాడు.

వరప్రసాద్ ఇవ్వనన్నాడు.