అవతలి గట్టున సింగన్న

అనగనగా ఒక అడవిలో అడవిదున్నల మంద ఒకటి ఉండేదర్రా. రేచుకుక్కలు మీదపడితే ఆ మంద ఏం చేసేదో తెలుసా? పెద్దవాళ్లంతా కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడేవాళ్లు. దూడలన్నీ నడుమ. దాన్ని కొమ్ముల దడి అనేవాళ్లు.

ఏటా ఎండాకాలం ముందు మంద ఏటి దగ్గర కూడేది. వేరే మందల దూడలు ఆపదలో వస్తే దడిలోకి రానిద్దామా, వద్దా? రానిద్దామనేవాళ్లు ఇవతలి గట్టున నిలబడాలి. వద్దనేవాళ్లు అవతలి గట్టున. ఎక్కువమంది ఎటుంటే అదే తీర్పు. ఆ తీర్పును గోరువంకలు అడవంతా చాటేవి.

మూడేళ్లుగా మందంతా ఇవతలే. అవతల సింగన్న ఒక్కడే.

మొదటి ఏడు పెద్దలు కోప్పడ్డారు. రెండో ఏడు తల్లి అచ్చమ్మ తలదించుకుంది. మూడో ఏడు చెల్లెలు పోలి ఊరుకోలేదు. పోలి దడి నడుమ పుట్టి, నలుగురు పిన్నమ్మలు నాకుతుంటే పెరిగిన పిల్ల. దానికి లోకమంటే వెచ్చగా ఉండే చోటు.

"అన్నా, మనిద్దరం ఒకే తల్లి పాలు తాగాం. నీకీ రాతిగుండె ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది.

"పాలు ఒకటేనే. పెంపకం ఒకటి కాదు," అన్నాడు సింగన్న.

"పో! ఇక నాతో మాట్లాడకు," అని పోలి మొహం తిప్పుకుంది.

ఎందుకలా అంటున్నావయ్యా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా!

అప్పట్నుంచి సింగన్న ఒంటరిగా మేసేవాడు. వీపు మీద జోరీగలు వాలితే నాకేవాళ్లు లేక బండకు రుద్దుకునేవాడు. సాయంత్రం మంద నెమరువేస్తుంటే వెదురు పొద చాటున నిలబడి వినేవాడు. అందులో అమ్మ చప్పుడేదో, పోలి చప్పుడేదో అతనికి తెలుసు. ఏడుపొచ్చేది. అమ్మా అని పిలవాలని ఉండేది. పిలిస్తే పలకదేమోనని భయం. ఆ భయం అతనికి చిన్నప్పటిది.

ఆ ఎండాకాలం కొండకి నిప్పంటుకుంది. మర్నాడు పొద్దున్నే రేచుకుక్కలు దిగాయి. మంద దడి కట్టింది. అంతలో కొండమీంచి ఓ దూడ పరుగెత్తుకొచ్చింది. తోక కాలింది, ఒళ్లంతా మసి.

"అమ్మల్లారా, రానివ్వండి! మీరు రానిస్తారని గోరువంకలు చెప్పాయి!" అని అరిచింది.

దున్నలకు వాసనే చుట్టరికం. ముక్కులు ఎగబీల్చి చూశారు. అంతా పొగ కంపు! అడవి జీవికి పొగంటే ఎంత బెదురో చెప్పాలా?

"ఇది దూడ కాదు, దయ్యం! దూరం పో!" అని అరిచారు. ఇవతలి గట్టున నిలబడ్డవాళ్లే కొమ్ములు దగ్గరికి జరిపారు. పోలి కూడా జరిపింది.

పొద చాటునుంచి సింగన్న ఒక్క ఉదుటున వచ్చాడు. దూడను పొట్ట కిందికి లాక్కుని కుక్కలకు ఎదురు నిలిచాడు. ఒక్కడికి వెనక ఎవరు కాస్తారు? ఓ కుక్క తొడ పట్టేసింది. అది చూసి పోలికి సిగ్గేసింది. దడి వదిలి పరుగెత్తి, అన్న వెనక నిలబడింది. ఆమె వెంట మందంతా కదిలింది. కుక్కలు తోకలు ముడిచాయి.

"రానివ్వొద్దన్నది నువ్వే. కాపాడిందీ నువ్వే. ఎందుకన్నా?" అని పోలి అడిగింది. ఇన్నేళ్లకు అడిగింది.

"నువ్వు పుట్టకముందు కూడా ఈ కొండ కాలిందే," అన్నాడు సింగన్న. "నేను తప్పిపోయాను. మూడో రోజుకి మన దడి కనబడింది. అమ్మా అని అరిచాను. నా ఒంటి నిండా పొగ కంపు. ఎవరో కొమ్ముతో నెట్టేశారు. బండ సందులో దూరి బతికాను. వానలు పడి కంపు పోయాకే నన్ను గుర్తుపట్టారు. తెరవలేని దడిని తెరుస్తామని చాటకూడదే పోలీ. నమ్మి వచ్చిన పిల్ల కుక్కల పాలవుతుంది."

అచ్చమ్మ వెనక్కి తగ్గి మంద చాటుకి పోయింది. ఆనాడు పొగ కంపు కొట్టే దూడను కొమ్ముతో నెట్టింది తనే.

మరుసటి ఏడు మంద మళ్లీ ఏటి దగ్గర కూడింది. సింగన్న ఎప్పట్లాగే అవతలి గట్టెక్కాడు. మసిదూడ అతని వెంటే ఉంది. పోలి ఏరు దాటి వచ్చి పక్కన నిలబడింది.

"నీ మాట మారిందా?" అన్నాడు.

"లేదన్నా. రానివ్వాలనే అంటాను. కాకపోతే నీ పక్కన నిలబడి అంటాను," అని పోలి అతని వీపు నాకింది.

అచ్చమ్మ మోకాల్లోతు నీళ్లలో ఆగిపోయింది. కొడుకు మొహం చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు. సింగన్న గట్టు దిగి నీళ్ల అంచుకి వచ్చాడు. భయపడుతూనే, "అమ్మా," అని పిలిచాడు.

ఈసారి ఆమె పలికింది.

నీతి: మనవాడు ఏ గట్టున నిలబడ్డాడో చూసి తిట్టేముందు, ఆ గట్టుకి ఏ దారిన వచ్చాడో అడగాలి.