సున్నా సందేహాలు

కోదండపాణి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఎక్కడికో తీసుకెళ్లి ఏదో చూపిస్తారు. ఆ తర్వాత ఎవరికి అర్థమైనంత వారిది.

ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో తాత్కాలిక అధ్యాపకురాలిగా ఉన్న సుభాషిణి ఒకరోజు ఒక నివేదిక పట్టుకొచ్చింది. ఇరవై రెండేళ్లు పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చక్రం తిప్పి, ఈమధ్యే ప్రొఫెసర్‌గా వచ్చి చేరిన ధనుంజయ్ గారు పిల్లల కోసం పాఠాల ట్యాబ్ ఒకటి తయారు చేయించారు. అది బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఆ నివేదిక. పరిశీలించి చూశానని సుభాషిణి సంతకం పెడితే ఆ ట్యాబ్ అన్ని కాలేజీలకూ వెళ్తుంది. ఆమె ఉద్యోగమూ ఖాయమవుతుందని ఆయన మాటల మధ్యలో చెప్పారట.

"అంత అనుభవం ఉన్న మనిషి, ఎంతో మర్యాదగా అడిగారు. అయినా నాకు చెయ్యి రావడం లేదు మాస్టారూ. నాదే అనుమానపు బుద్ధంటారా?" అంది.

మాస్టారు చెప్పులేసుకున్నారు.

ఆ ట్యాబులు ముందుగా ఇచ్చి చూస్తున్న క్లాసుకి వెళ్లారిద్దరూ. నలభై మంది పిల్లలు తలలు వంచుకుని ట్యాబులు చూసుకుంటున్నారు. ధనుంజయ్ గారు నవ్వుతూ ఎదురొచ్చి, గోడ మీది తెర చూపించారు. "మొదటి వారం పిల్లలు అడిగిన సందేహాలు మూడు వందల పన్నెండు. ఈ వారం సున్నా!" అన్నారు. అంత నున్నటి నవ్వును నేనైతే నమ్మను. మాస్టారు మాత్రం తలూపి, వెనక బెంచీలో ఒకమ్మాయి పక్కన కూర్చున్నారు. సుభాషిణి ఆయన వెనకే నిలబడింది.

"పాఠం అర్థమైందా అమ్మా?"

ఆ పిల్ల ముందు ధనుంజయ్ గారి వైపు చూసింది. ఆయన అటు తిరిగాక గొంతు తగ్గించి, "లేదండి," అంది.

"మరి అడగలేదేం?"

"అడిగితే పాఠం మళ్లీ మొదట్నుంచీ వస్తాదండి. అయ్యేదాకా వదలదండి. మా ఊరి బస్సేమో నాలుగున్నరకండి."

తిరిగి వస్తూ గేటు దగ్గర సుభాషిణి, "పాపం, ఆయనకి ఈ సంగతి తెలియదేమో మాస్టారూ," అంది. ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు అలాగే అంటారు. తప్పు పట్టలేం.

మాస్టారు ఆమె చేతిలోని నివేదిక తీసుకుని, సందేహాల గడి మీద వేలు పెట్టారు.

"ఇక్కడ సున్నా అని ఉంది. నీదొకటి ఉందిగా, అది వేసి అప్పుడు సంతకం పెట్టమ్మా."