ఉప్పు డబ్బాలో పంచదార

నిరంజనస్వామి మఠంలో శరభయ్య పొద్దున్నే కాఫీ పెడతాడు, పగలు మఠం బడిలో ఇంగ్లీషు చెబుతాడు. కాఫీతో ఏనాడూ పేచీ లేదు. గొడవంతా ఇంగ్లీషుతోనే.

ఆ రోజు బడి నుంచి రుసరుసలాడుతూ వచ్చి స్వామి ముందు కూలబడ్డాడు.

"ఇదేం భాష స్వామీ! నైఫ్ ముందు ఆ 'కె' ఎందుకు? ఉలకదు, పలకదు. పోనీ కూరగాయలు తరుగుతుందా అంటే అదీ లేదు. ఆ ఒక్క అక్షరం రాయలేదని చిన్నప్పుడు మా మాస్టారు నా వేళ్లు వాచేలా కొట్టాడు. ఇవాళ మన పదో తరగతి ఓబులమ్మ అదే మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. నా కడుపు తరుక్కుపోయింది."

"ఏం చేద్దామంటావు?"

"పలకని అక్షరాలన్నీ పీకి పారేద్దాం. నల్లబల్ల మీద 'కె' ఇందాకే తుడిచేశాను. మీరు ఊ అంటే రేపటి నుంచి పిల్లలందరికీ ఇదే పద్ధతి. పై నెల పదో తరగతి పరీక్ష కూడా ఇలాగే రాస్తారు. దిద్దేవాళ్లే దారికొస్తారు!"

స్వామి గడ్డం నిమురుకున్నారు.

"న్యాయంగానే ఉంది. ముందు మన వంటింట్లో మొదలుపెట్టు. అక్కడా రాసిందొకటి, ఉన్నదొకటి."

నిజమే. మఠంలో డబ్బాలన్నీ భక్తులిచ్చినవి. 'ఉప్పు' అని రాసిన దాంట్లో పంచదార, 'పంచదార' అని రాసిన దాంట్లో ఉప్పు, బిస్కెట్ డబ్బాలో ఎండుమిర్చి. ఏ మహానుభావుడు మొదలెట్టాడో గానీ ఏళ్ల తరబడి అలాగే సాగుతోంది. శరభయ్యకు హుషారొచ్చింది. సాయంత్రమంతా కూర్చుని, పేరుకు తగ్గ సరుకు పోసి, ఏ డబ్బాను దాని పాత చోటే పెట్టాడు. తన పనికి తానే మురిసిపోయాడు.

తెల్లారి ఎప్పటిలాగే కాఫీ పెట్టి అందరికీ పోశాడు. మొదటి గుక్కకే పిల్లలు థూ అని ఉమ్మేశారు. ముసలివాళ్లు దగ్గలేక చచ్చారు.

"ఉప్పేశారు మాస్టారూ!" అంది ఓబులమ్మ, నవ్వు ఆపుకోలేక.

శరభయ్య వంటింట్లోకి పరిగెత్తాడు. మూత తీసి ఉన్న డబ్బా మీద తాటికాయంత అక్షరాలతో 'ఉప్పు' అని ఉంది. అందులో ఉప్పు పోసిందీ తనే. అయినా చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది.

సిగ్గుతో చచ్చిపోతూ స్వామి దగ్గరికొచ్చాడు.

"మళ్లీ పెట్టుకొస్తాను స్వామీ. డబ్బాలు కూడా మునుపటిలా..."

"డబ్బాలకేం, ఇప్పుడే కదయ్యా సరిగ్గా ఉన్నాయి. చేతికే ఇంకా అలవాటు కాలేదు," అన్నారు స్వామి. మొహం చిట్లించకుండా ఆ ఉప్పు కాఫీ ఆఖరి గుక్క దాకా తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఇంతకీ, ఓబులమ్మ పరీక్ష ఎప్పుడన్నావు?"

శరభయ్య నేరుగా బడికి వెళ్లి, సుద్దముక్క తీసుకుని, నైఫ్ ముందు 'కె' మళ్లీ రాశాడు.