సూరడి విస్తరి

ఏటికి ఈవల ఒకానొక రాజ్యం. దానికి కుముదసేనుడు రాజు. కాలువలు తవ్వించాడు, పన్నులు మితంగా వేశాడు, దొంగల భయం లేకుండా చేశాడు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ, నడివయసులో ఆయనకు కథలు రాసే పిచ్చి పట్టుకుంది.

రాయడం తప్పు కాదు. రాసినదాన్ని అందరూ మెచ్చి తీరాలనడం తప్పు.

రోజూ సాయంత్రం కోట ముంగిట్లో సభ తీరేది. రాజు తాటాకుల కట్ట విప్పి ఆనాటి కథ చదివేవాడు. మొదట్లో జనం ఆవలించారు. ఒకనాడు ఏమీ తోచక, కథలో ఉన్న కుమ్మరి లచ్చిని పాము చేత కరిపించాడు. లచ్చి చచ్చిపోయింది. సభలో నలుగురైదుగురు కళ్ళు తుడుచుకున్నారు. రాజుకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆనాటి నుంచి ఆ కథలో ఎవరికీ ఆయుష్షు నిలవలేదు. పెళ్ళికొడుకు మీద పందిరి కూలింది. గొర్రెలు కాసే తాత మీద పిడుగు పడింది. తల్లిని చూడాలని ఊళ్ళు దాటి వచ్చిన పిల్ల గుమ్మంలోనే కుప్పకూలింది. చచ్చినవాళ్ళ ఊసు మర్నాటి కథలో ఉండేది కాదు. చావు చదవగానే రాజు తలెత్తి, ఎవరి ఉత్తరీయం తడిసిందో, ఎవరిది తడవలేదో చూసుకునేవాడు.

మనిషి చెయ్యి మెలిపెడితే ఎవడైనా ఏడుస్తాడు. అది విద్య అనిపించుకోదు. ఈ మాట రాజుకు చెప్పేదెవరు? కోశాధికారి ఒకసారి, "ప్రభూ, ఇన్ని చావులు అవసరమా?" అన్నాడు. మర్నాడే ఆయన్ను సరిహద్దు ఠాణాకు గుర్రాల మేత చూడడానికి పంపేశారు.

సభికులకు కన్నీళ్ళు అడుగంటాయి. పొడి కళ్ళతో కూర్చుంటే రాజుకు కోపం. అప్పుడు ఆస్థాన పండితుడు నరహరి భట్టు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంట్లో ఉల్లి వాసన కూడా గిట్టని ఆ భట్టు, ఉత్తరీయం కొసన ఉల్లిపాయ ముక్క ముడివేసుకుని సభకు వచ్చేవాడు. రాజు గొంతు వణకడం మొదలుపెట్టగానే ముడిని కళ్ళకు అద్దుకునేవాడు.

"కరుణరసం ప్రభూ, కరుణరసం! ఆగడం లేదు!"

తక్కినవాళ్ళూ ఆ దారే పట్టారు. కోట బజారులో ఉల్లిపాయలకు గిరాకీ పెరిగింది.

నిజంగా ఏడ్చే మనిషి ఒక్కతే ఉంది. ఆమె పేరమ్మ. పురిట్లోనే తల్లి పోయిన కుముదసేనుణ్ణి పెంచి పెద్దచేసిన దాది. రాజు ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు. రోజూ తెర వెనక పీట వేసుకుని కథ వినేది.

ఒక ఉదయం ఆమె విదూషకుడు ఓబన్నను పిలిపించింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముందురోజు అన్నం ముట్టలేదని పరిచారికలు చెప్పారు.

"ఓబయ్యా, సూరణ్ణి చంపేస్తాడట."

సూరడు రాజు కథలో పడవవాడు. నా అన్నవాళ్ళు లేని కుర్రవాడు. ఎడమచేత్తో తెడ్డు వేస్తాడు. పాపం, కథలో ఇంకా బతికి ఉన్నది వాడొక్కడే.

"ఎవరన్నారత్తా?"

"రాజే అన్నాడు. రేపు సభలో ఏట్లో ముంచేస్తాడట. వద్దు నాయనా అన్నాను. 'వాడు తాటాకు మీది మనిషి పెద్దమ్మా, ఎందుకంత బాధ' అని నవ్వాడు." పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు కడుపున పుట్టినవాడు ఒకడుండేవాడు ఓబయ్యా. పసితనంలోనే పోయాడు. వాడిదీ ఎడమచేతి వాటమే. బతికుంటే ఇట్లాగే తెడ్డు వేసేవాడేమో అనుకుంటూ వింటున్నాను. ఇప్పుడు రెండోసారి..."



"రాజుగారికి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు. నువ్వు చెప్పకు. ఎట్లాగైనా వాణ్ణి ఒడ్డుకు చేర్చు, అంతే."

ఓబన్న తల గోక్కుంటూ రాజు దగ్గరకు వెళ్ళాడు. రాజు మంచి ఉషారులో ఉన్నాడు.

"రా ఓబన్నా! రేపు సూరడి చావు. సభ సభంతా కొట్టుకుపోవాలి. నువ్వు కూడా ఏదైనా తప్పు పడతావా?"

"నేనా ప్రభూ? గుర్రాల మేత చూడడం నాకు రాదు."

రాజు పకపకా నవ్వాడు.

"అయితే ఒక చిన్న మనవి," అన్నాడు ఓబన్న. "మన కథలో మనిషి పోగానే ఏడుపు అయిపోతోంది. లోకంలో అలా కాదు కదా. మనిషి పోయిన రోజు ఒక ఏడుపు, పెద్దకర్మ నాడు ఇంకో ఏడుపు. విస్తరి వేసి, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తారే, ఆ పూట రాయి కూడా కరుగుతుంది. ఆ రెండో ఏడుపును తమరు వృథాగా వదిలేస్తున్నారు."

రాజు కళ్ళు మెరిశాయి.

"అవును సుమా! ఈ మాట భట్టుకు తట్టలేదే?"

"రేపు సూరడు పోగానే సభలోనే పెద్దకర్మ జరిపిద్దాం. వాడికి నా అన్నవాళ్ళు లేరని తమరే రాశారు. పుట్టించినవారు తమరే కనుక, విస్తరి తమరి చేతులతోనే వడ్డించాలి."

"అలాగే. ఏర్పాట్లు నీవి."

మర్నాడు సభ కిక్కిరిసింది. ఓబన్న వంటవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, ఓ పక్కన పొయ్యి పెట్టించాడు. సింహాసనం ముందు అలికి ముగ్గు పెట్టించి, మోదుగాకు విస్తరి పరిపించాడు. ప్రహరీ మీద ఒక కాకి అప్పటికే వచ్చి కూర్చుంది.

రాజు తాటాకుల కట్ట విప్పబోయాడు.

"ఒక్క క్షణం ప్రభూ," అన్నాడు ఓబన్న. "చదవడం అయ్యేసరికి వంట సిద్ధంగా ఉండాలి. పొయ్యి వెలిగించుకోమని చెబుతాను. సూరడికి ఏమిష్టం?"

"ఏమిష్టమంటే?"

"తినడానికి ప్రభూ. ఇష్టమైనది పెట్టకపోతే కాకి ముట్టదు కదా."

రాజు ఆలోచించాడు. "పులిహోర వండించు."

"చిత్తం. ఏటి ఒడ్డున గుడిసెలో ఒంటరివాడు పులిహోర ఎక్కడ మరిగాడో కూడా సెలవిస్తే, వంటవాళ్ళు ఆ రుచికే చేస్తారు."

రాజు భట్టు వైపు చూశాడు.

"బూరెలు ప్రభూ! నేతి బూరెలు! వేడివేడిగా!" అన్నాడు భట్టు.

"అవి తమరికిష్టం స్వామీ," అన్నాడు ఓబన్న. "తమరింకా పోలేదు."

సభ గొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు.

"ఓబన్నా, ఏదో ఒకటి వండించరాదా?"

"ఏదో ఒకటి పెడితే కాకి వాలదు ప్రభూ. పోనీ, వాడికి చెలికాళ్ళెవరైనా ఉన్నారా? కబురు పంపి అడుగుతాను. పడవ కట్టేశాక వాడు ఎక్కడికి పోతాడు? చలికాలం ఏం కప్పుకుంటాడు? దేనికి నవ్వుతాడు?"

రాజు తాటాకులు తిరగేశాడు.

"పోనీ, కుమ్మరి లచ్చికి ఏమిష్టం? ఆమెకూ ఇంతవరకు ఎవరూ విస్తరి వేయలేదు. పిడుగు పడ్డ తాతకు? గుమ్మంలో పడిపోయిన పిల్లకు?"

రాజు చూపు విస్తరి మీదే ఉంది. అందులో మెతుకు లేదు. ప్రహరీ మీది కాకి తల వంకరపెట్టి అటూ ఇటూ చూసి, ఆకు ఖాళీగా ఉందని తెలిసి మళ్ళీ ముడుచుకుంది.

ఓబన్న గొంతు తగ్గించాడు. "తెలిసినవాడు పోతే ఏడుపు వస్తుంది మహారాజా. తమరికే తెలియనివాడు పోతే మేమెలా ఏడవాలి?"

భట్టు గబుక్కున ముడి కళ్ళకు అద్దుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు తెర వెనక నుంచి ఒక సన్నని గొంతు వినబడింది.

"జొన్నరొట్టె."

తెర కదిలింది. పేరమ్మ బయటకు వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందుకు ఆమె ఎన్నడూ రాలేదు.

"జొన్నరొట్టె నాయనా. మీద వెన్న రాసి, బెల్లం చిదిమి వేయాలి. అంచులు కాస్త మాడాలి. మాడిన అంచులే ముందు తింటాడు."

రాజు తెల్లబోయాడు. "పెద్దమ్మా, అది నేను రాయలేదే!"

"నువ్వు రాయలేదు. నువ్వు వాడికి ఎడమచెయ్యి ఇచ్చి వదిలేశావు. తక్కినదంతా వింటూ వింటూ నేనే పెట్టుకున్నాను. నా బిడ్డది తీసి వాడికి పెట్టాను."

"నీ బిడ్డా?"

పేరమ్మ ఓబన్న వైపు ఒకసారి చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"నీకు మూడేళ్ళప్పుడు, వాడికి ఐదేళ్ళప్పుడు, ఇద్దరికీ ఒకసారే అమ్మవారు పోసింది. వాణ్ణి మా ఊరికి పంపేశారు, నన్ను మాత్రం కోటలోంచి కదలనివ్వలేదు. నువ్వు తేరుకున్నావు. వాడు తేరుకోలేదు. కబురు వచ్చేసరికి నీ నోటి దగ్గర ముద్ద పట్టుకుని ఉన్నాను. నా చేతి ముద్ద తప్ప ముట్టేవాడివి కాదు. తినిపించాను."

పేరమ్మ ఖాళీ విస్తరి వైపు చూసింది.

"వాడికి రొట్టె చేసి కాకికి పెట్టడానికి కూడా నన్ను పోనివ్వలేదు నాయనా. అమ్మవారు ఇంకా దిగలేదన్నారు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు అన్నం సహించేదా?"

రాజు సింహాసనం దిగాడు. ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"సూరడిది ఎడమచేతి వాటమని ఎందుకు రాశానో నాకే తెలీదు పెద్దమ్మా. రాయగానే అలా వచ్చింది."

"మీరిద్దరూ ఒకే పీట మీద తినేవారు. నీకు వాడు కుడిపక్క కూర్చునేవాడు. వాడి ఎడమచెయ్యి నీ కంచంలోకి వచ్చేది," అంది పేరమ్మ. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి చెబుతూ ఆమె చిన్నగా నవ్వింది.

"వాడి పేరేమిటి?"

"బయ్యన్న."

రాజు ఆ పేరు ఒకసారి పైకి అనుకున్నాడు. తర్వాత వంటవాళ్ళ వైపు తిరిగి, "పొయ్యి వెలిగించండి. జొన్నపిండి తెండి. రొట్టె పెద్దమ్మ చేస్తుంది," అన్నాడు.

రొట్టె అయ్యింది. వెన్న, బెల్లం వేశారు. రాజు తన చేతులతో వడ్డించి, "అన్నా బయ్యన్నా," అని దణ్ణం పెట్టాడు. కాకి ఒక్క ఉదుటున వాలింది. మాడిన అంచు ముక్కుతో తుంచుకుని ఎగిరిపోయింది.

పేరమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు రాజు తాటాకు తీసుకున్నాడు. సూరడి చావు రాసిన ఆకును పొయ్యిలో వేసి, గంటం పట్టి అక్కడికక్కడే రాసి చదివాడు. ఏట్లో తుఫాను లేచింది. సూరడి పడవ తల్లకిందులైంది. వాడు ఎడమచేత్తో తెడ్డు వదలకుండా ఈదుకుంటూ వచ్చాడు. ఒడ్డున ఒక ముసలామె పొయ్యి రాజేసి కూర్చుని ఉంది. "ఇంత ఆలస్యమా నాయనా? రొట్టె అంచులు మాడిపోయాయి," అంది. "మాడితేనే మంచిది," అన్నాడు సూరడు.

అంతే కథ. ఎవరూ చావలేదు. సభలో ఒక్క ఉత్తరీయమైనా పొడిగా మిగల్లేదు. నరహరి భట్టు వెక్కివెక్కి ఏడుస్తూ ఉత్తరీయం దులుపుకునేసరికి ముడి ఊడి, ఉల్లిపాయ ముక్క దొర్లుకుంటూ వెళ్ళి రాజు పాదాల దగ్గర ఆగింది.

రాజు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. భట్టు ముఖం పాలిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇదా భట్టూ నీ కరుణరసం?"

"క్షమించాలి ప్రభూ. ఇవాళ దీని అవసరం రాలేదు," అన్నాడు భట్టు ముక్కు తుడుచుకుంటూ.

రాజు పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వి, చేతి బంగారు కడియం తీసి ఓబన్నకు తొడిగాడు.

"ఒక్క తప్పయినా పట్టకుండా తప్పంతా చూపించావు. ఇంకేం కావాలో కోరుకో."

"కోశాధికారిని వెనక్కి పిలిపించండి ప్రభూ. గుర్రాలు ఇప్పటికే బాగా బలిశాయట."

రాజు ఆనాడే కబురంపాడు.

ఆ తర్వాత కూడా కుముదసేనుడు కథలు రాశాడు. కథలోకి ఎవరు వచ్చినా, ముందు వాళ్ళు ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో, ఎవరి కోసం ఎదురుచూస్తారో తెలుసుకుని గానీ రెండో ఆకు ముట్టలేదు. అలా తెలుసుకున్నాక చాలామందిని చంపడానికి ఆయనకు చెయ్యి రాలేదు. చాలా కాలానికి, పండు ముసలి అయిన సూరడు ఒక కథలో తన గుడిసెలో, తన మనుషుల మధ్య కన్నుమూశాడు. అప్పటికి పేరమ్మ లేదు. రాజే స్వయంగా జొన్నరొట్టె చేసి, అంచులు మాడ్చి, సూరడికి ఒకటి, బయ్యన్నకు ఒకటి, రెండు విస్తళ్ళు వేశాడు.

ఆ రోజు సభలో ఎవరి ఉత్తరీయంలోనూ ఉల్లిపాయ లేదు.