మొదటి విస్తరి

1981, ఉగాది వెళ్ళిన వారం. బందరు కాలవ కట్టెయ్యడానికి ఇంకా నాలుగు రోజులుంది. కాలవ పక్కనున్న బూడేన్ సాయిబు అద్దకం కొట్టంలో ఆ ఎండాకాలానికి ఆఖరి వాయి బట్టలు ఉడికాయి.

ఆ కొట్టంలో ఒక పద్ధతి ఉండేది. వాయి దిగిన రోజు పనివాళ్ళు తొమ్మిది మందీ ఒకే వరసలో కూర్చుని తినాలి. వడ్డించేది ఉస్తాద్ బూడేన్ సాయిబే. మొదటి విస్తరి నాంచారమ్మకి. ఆవిడ కాలవలో దిగి బట్టలు జాడించే మనిషి. ఆ తర్వాతే అచ్చు వేసే బసవయ్యకి, పొయ్యి చూసే కాసిముకి, మిగతావాళ్ళకి.

బసవయ్య పదకొండేళ్ళుగా సాయిబు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. బొంబాయి నుంచి వచ్చిన షావుకారు అతను వేసిన పువ్వుల అంచు చూసి, ఈ చెయ్యి ఎవరిదని అడిగి మరీ వెళ్ళాడు. అప్పట్నుంచి మొదటి విస్తరి ఎటు పోతోందో అతను గమనిస్తూ వచ్చాడు.

ఆ మధ్యాహ్నం అన్నం కలపకుండా అడిగాడు.

"ఉస్తాద్, మన దుప్పటికి విలువ ఎవరి వల్ల వస్తోంది?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అచ్చు వల్ల. షావుకారు పువ్వు చూసి కొంటాడు గానీ, జాడింపు చూసి కొంటాడా?"

నాంచారమ్మ పచ్చడి నంజుకుంటూ అంది. "నా పని ఎవరికీ కనబడకపోతేనే బాగా చేసినట్టు, బాబూ."

అందరూ నవ్వారు. బసవయ్య నవ్వలేదు.

సాయిబు చెయ్యి కడుక్కుని లేచాడు. దండెం మీదనుంచి ఒక దుప్పటి తీసి బసవయ్య ఒళ్ళో వేశాడు. పటికతో అచ్చు వేసి, జాడించి, ఆరేసిన బట్ట అది. ఇంకా ఉడకలేదు.

"దీని మీద అచ్చు నీదే. బజార్లో అమ్ముకురా."

బసవయ్య వెళ్ళాడు. బట్టల కొట్టాయన దుప్పటి విప్పి, తిప్పి, వెలుగులో పట్టి చూశాడు. పటిక అచ్చు కంటికి కనబడదు. ఎరుపు రంగిచ్చే చెక్కా వేరూ వేసిన నీళ్ళలో ఉడికినప్పుడే అది ఎర్రగా తేలుతుంది.

"ఏమయ్యా బసవయ్యా, ఉత్త గుడ్డ తెచ్చావు. పువ్వులు కొట్టంలో మర్చిపోయి వచ్చావా?"

సాయంత్రానికి తిరిగి వచ్చి బసవయ్య ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

"అర్థమైంది ఉస్తాద్. అచ్చు ఒక్కటే చాలదు. అచ్చూ, పొయ్యీ. రెండూ ఉండాలి."

"ఇంకా?"

"ఇంకేముంది? ఆ రెండింటివల్లేగా ఎరుపు వచ్చేది."

సాయిబు అతని చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. దుప్పటి మడతపెట్టి అటక మీద పెట్టాడు.

కాలవ కట్టేశారు. నీళ్ళు లేని ఆ రెండు నెలలూ కొట్టంలో పొయ్యి వెలిగించరు. కరక్కాయలు దంచుకుంటారు, అరిగిన అచ్చులు చెక్కించుకుంటారు. నాంచారమ్మకి ఏ పనీ ఉండదు. అయినా శుక్రవారం శుక్రవారం వచ్చి బియ్యం తీసుకెళ్ళేది. అది సాయిబు పెట్టిన పద్ధతే.

వైశాఖంలో సాయిబు దర్గా ఉరుసుకి బయల్దేరుతూ తాళంచెవి బసవయ్యకిచ్చాడు. ఉస్తాద్ వెళ్ళిన మూడో రోజు బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి నలభై దుప్పట్లు కావాలి. అవి నచ్చితే ఏడాది పొడవునా ఆ కొట్టం సరుకే తీసుకుంటానని షావుకారు రాశాడు. కాలవ వదిలేది జ్యేష్ఠంలో. అంతవరకు ఆగితే ఆ బేరం పోతుంది.

కొట్టం వెనక ఒక సిమెంటు తొట్టె ఉంది. బసవయ్య దాన్ని కడిగించి బావి నీళ్ళతో నింపించాడు.

శుక్రవారం నాంచారమ్మ సంచి పట్టుకుని వచ్చింది.

"పని లేని నెలల్లో బియ్యం ఎందుకు నాంచారమ్మా?"

"కాలవకి నీళ్ళొచ్చేదాకా బతికుండాలి గదా బాబూ."

"ఇక కాలవతో పని లేదు. తొట్టెలో మేమే జాడించుకుంటాం. నువ్వు వేరే పని ఏదన్నా చూసుకో."

ఆవిడ వెనక్కి వెళ్ళి తొట్టెలోకి తొంగి చూసింది.

"ఇందులో నీళ్ళు ఎటు పోతాయి?"

"ఎటూ పోవు. తొట్టె గదా."

"అదే అడుగుతున్నా."

ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

బసవయ్య ఎండలో పదిరోజులు నిలబడి నలభై దుప్పట్లకీ అచ్చు వేశాడు. అంత శుభ్రంగా అతను ఎప్పుడూ వెయ్యలేదు. ఆరిన బట్టల్ని తొట్టెలో జాడించారు, రెండుసార్లు నీళ్ళు మార్చారు. ముందు ఒక్కటి ఉడికించి చూద్దామని కాసిము అన్నాడు. టైము లేదని బసవయ్య నలభయ్యీ వాయి వెంట వాయి ఉడికించేశాడు.

పువ్వులు ఎర్రగా వచ్చాయి. పువ్వు చుట్టూ ఖాళీగా ఉండాల్సిన బట్ట కూడా ఎర్రగానే వచ్చింది. పువ్వేదో బట్టేదో తెలియలేదు. నాంచారమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి, మడత పడకుండా బట్టని పారుదలకి పట్టేది. ఊడిన పటిక నీళ్ళ వెంట పోయేది. తొట్టెలో ఊడిన పటికకి పోయే దారి లేదు. తిరిగి బట్టకే పట్టింది.

మర్నాడు సాయిబు వచ్చాడు. దండేల నిండా ఎర్రగా వేలాడుతున్న బట్టల్ని ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూ చూశాడు. నాంచారమ్మ ఎక్కడని అడిగాడు. కాసిము చెప్పాడు.

"వాయి దిగింది గదా," అన్నాడు సాయిబు. "అన్నం వండండి."

వరసగా విస్తళ్ళు వేశారు. సాయిబు పాడైన దుప్పటి ఒకటి తెచ్చి, నాంచారమ్మ కూర్చునే చోట పరిచాడు. దాని ముందు మొదటి విస్తరి వేశాడు. అన్నం పెట్టి, పప్పు వేసి, పచ్చడి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండో విస్తరికి కదల్లేదు.

అన్నం మీద ఆవిరి ఆగిపోయింది.

"ఆవిడ రాదు ఉస్తాద్," అన్నాడు బసవయ్య.

"తెలుసు."

"మాకు వడ్డించండి."

"వరస ఇక్కడ తెగింది. నిన్నెలా చేరను?"

బసవయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

రెండు రోజులు వెతికితే నాంచారమ్మ ఉయ్యూరు దగ్గర ఇటుక బట్టీలో కనబడింది. తల మీద ఎనిమిది ఇటుకలున్నాయి. అతన్ని చూసి ఆగలేదు. అతనే వెంట నడిచాడు.

"నాంచారమ్మా, తప్పయింది. రా. ఉస్తాద్ నీకు విస్తరి వేసి కూర్చున్నాడు."

"నీ తొట్టె ఏమంటోంది బాబూ?"

"నలభయ్యీ పోయినయ్."

"పోతాయి." ఇటుకలు దించి పేర్చింది. "ముప్ఫై ఏళ్ళు నీళ్ళలో నానిన కాళ్ళివి. వేళ్ళ సందులు ఎప్పుడూ పచ్చిగా ఉండేవి. ఇక్కడికొచ్చాక మానుతున్నాయి. నేను రాను."

"ఉస్తాద్ మొహం చూసైనా రా."

"ఉస్తాద్ మంచోడే. నాకు మొదటి విస్తరి వేశాడు. కాలవలో నా పక్కన నిలబడి పని నేర్చుకోమని మాత్రం ఒక్కర్నీ పంపలేదు." తట్ట ఎత్తుకుంది. "ఆ మాట కూడా చెప్పు."

బసవయ్య తిరిగి వచ్చి, దాచకుండా చెప్పాడు. సాయిబు విని లేచాడు. బల్ల మీదున్న బసవయ్య అచ్చు తీసేసి, అటక మీదనుంచి ఆ ఉడకని దుప్పటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"కాలవ వదిలిన రోజు దిగు."

జ్యేష్ఠంలో నీళ్ళు వచ్చాయి. బసవయ్య దిగాడు.

అతని చేతికింద ఖాళీ బట్ట తెల్లగా రావడానికి మూడేళ్ళు పట్టింది. ఈలోగా బొంబాయి షావుకారు ఇంకో ఊరు చూసుకున్నాడు. తొమ్మిది మందిలో కొట్టంలో ఇద్దరు మిగిలారు. నాంచారమ్మ తిరిగి రాలేదు. ఆ తెల్ల బట్ట దండెం మీద ఆరిన రోజుకి బూడేన్ సాయిబు పోయి ఎనిమిది నెలలు.